ఈవ్ ఆన్‌లైన్‌కు జనం తగ్గారు: తప్పెవరిది?

ఈవ్ ఆన్‌లైన్ 2003 మే నెలలో మొదలైంది. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ అనే సంస్థ తయారు చేసిన అంతరిక్ష ఆట ఇది. చైనాను పక్కన పెడితే ప్రపంచంలో ఆడేవాళ్లందరూ ట్రాంక్విలిటీ అనే ఒకే సర్వర్‌లో, ఒకే విశ్వంలో ఉంటారు. ఓడలను దాదాపుగా ఆటగాళ్లే, ఆటగాళ్లు తవ్విన ఖనిజంతో తయారు చేస్తారు. యుద్ధంలో పేలిపోయిన ఓడ మళ్లీ రాదు. 2013 మే నెలలో ఒకేసారి 65,303 ఖాతాలు లాగిన్ అయ్యాయి. ఆ రికార్డును ఆట మళ్లీ అందుకోలేదు. ఈ మధ్య కాలంలో రద్దీ వేళల్లో 30 వేలు దాటితే సంతోషించాల్సిన పరిస్థితి.

ఇక్కడ వాదించుకునే ఇద్దరూ ఆ ఆట ఆడినవారే. బావ 2008లో చేరి ఇప్పటికీ ఆడుతున్నాడు. ఉచిత ఖాతాలు వచ్చిన 2016లో చేరిన బావమరిది, మానేద్దామన్న ఆలోచనలో ఉన్నాడు. నా మొగ్గు బావ వైపే. అలాగని బావమరిది తేలికగా ఓడిపోయే మనిషి కాదు.

బావమరిది: బావగారూ, పన్నెండేళ్లలో జనం సగానికి పడిపోయిన ఆటకు ఇంకా భవిష్యత్తు ఉందని మీరెలా అంటున్నారు? నెల చందా 20 డాలర్లు. మన డబ్బుల్లో 1,700 రూపాయలకు పైమాటే. అంత పోసి ఖాళీ అంతరిక్షంలో ఎందుకు తిరగాలి?

బావ: ముందు ఆ అంకె ఏమిటో చూడు. 65,303 అనేది మనుషుల లెక్క కాదు, ఖాతాల లెక్క. ఈవ్‌లో ఒక్క ఖాతాతో సరిపెట్టుకునే పాత ఆటగాడు అరుదు. ఖనిజం తవ్వడానికి ఒకటి, సరుకు చేరవేయడానికి ఒకటి, యుద్ధానికి ఒకటి ఉంటాయి. ఆ అంకె చూసి అరవై అయిదు వేల మంది మనుషులనుకుంటే ఎలా?

బావమరిది: ఖాతాలే అనుకుందాం. అప్పుడూ ఒకరికి మూడు ఖాతాలు, ఇప్పుడూ మూడు. కొలబద్ద మారలేదు, కొలత తగ్గింది. నాకు కనిపించినంత వరకు ఒక్కరే పది ఓడలు నడిపేవాళ్లు ఇప్పుడే ఎక్కువ. అదే నిజమైతే మనుషులు మీ అంకె చెప్పేదానికన్నా ఎక్కువగానే తగ్గి ఉండాలి.

బావ: సరే, ఒప్పుకుంటున్నాను. తగ్గలేదని నేను అనడం లేదు. ఎందుకు తగ్గారన్నదే నా ప్రశ్న. దానికి 2011కు వెళ్లాలి. ఆ ఏడాది జూన్‌లో ఇన్‌కార్నా అనే మార్పు తెచ్చారు. ఓడలు నడిపే ఆటలో నిన్ను ఓ గదిలో నిలబెట్టి, నీ బొమ్మకు తొడగడానికి బట్టలు అమ్మారు. కంటికి పెట్టుకునే ఒంటి అద్దం ధర అరవై డాలర్లకు పైనే. అదే సమయంలో సంస్థ తన ఉద్యోగుల కోసం అచ్చువేసుకున్న లోపలి పత్రిక ఒకటి బయటికి పొక్కింది. దురాశ మంచిదేనా అన్న చర్చ అందులో నడిచింది. ఆటగాళ్లు ఆటలోని జీటా సంత బయట ఉన్న స్మారకం చుట్టూ తమ ఓడలతో చేరి దానిపై కాల్పులు జరిపారు. చందాలు రద్దు చేసుకున్నారు. అక్టోబరులో సంస్థ అధిపతి హిల్మార్ పేటుర్సన్ క్షమాపణ లేఖ రాశాడు. అదే నెలలో సిబ్బందిలో అయిదో వంతు మందిని తీసేశారు. ఆ తర్వాత నవంబరులో వచ్చిన క్రూసిబుల్ మార్పులో మళ్లీ ఓడల సంగతి పట్టించుకున్నారు. ఏళ్లుగా ఆటగాళ్లు మొరపెట్టుకుంటున్న చిన్నచిన్న లోపాలను వరసపెట్టి సరిచేశారు. ఏడాదిన్నర తిరక్కుండానే నువ్వు చెబుతున్న 65,303 వచ్చింది! మన మాట విన్న ఏడాదిన్నరకే ఆ శిఖరం వచ్చిందన్న సంగతి నువ్వెందుకు చూడవు? అప్పటికీ ఆట పాతదే, పదేళ్ల వయసుది. కష్టమైనది కూడా. అయినా జనం వచ్చారు.

బావమరిది: మరి ఆ తర్వాత?

బావ: ఆ తర్వాత వినడం మానేశారు. 2016 ఫిబ్రవరిలో నైపుణ్యాలను ఇంజెక్టర్లుగా అమ్మకానికి పెట్టారు. అంతకుముందు ఒక పెద్ద ఓడ నడపాలంటే నెలలూ ఏళ్లూ ఆగాలి, అందరికీ అదే నియమం. ఇంజెక్టర్లు వచ్చాక డబ్బున్నవాడు మధ్యాహ్నం చేరి సాయంత్రానికి ఆటలోని అతి పెద్ద ఓడ టైటాన్ ఎక్కవచ్చు. 2019 జూలైలో నల్‌సెక్‌లో, అంటే పోలీసులు లేని ప్రాంతాల్లో, ఒక నక్షత్ర మండలంలో ఎవరెవరున్నారో చూపించే జాబితాను తీసేశారు. తవ్వేవాళ్లు రేవు దాటి బయటికి రావడమే మానేశారు. లాగిన్లు ఎంత వేగంగా పడ్డాయంటే సెప్టెంబరులో ఆ జాబితాను తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. 2020లో, 2021లో ఖనిజాన్ని కావాలనే కొరత చేశారు. పెద్ద ఓడల తయారీకి కొత్త కొత్త భాగాలు జతచేశారు. ఓడ పోతే మళ్లీ కట్టుకోలేనని తెలిసినవాడు యుద్ధానికి వస్తాడా? దాచుకుంటాడు. ఇదంతా చేసి, 2022 మేలో 14.95 డాలర్ల చందాను 19.99 చేశారు. ఆట సన్నబడుతున్న సమయంలో ధర పెంచారంటే, ఉన్నవాళ్లు ఎటూ పోరన్న ధీమా ఉండాలి. పైగా మనమిచ్చిన డబ్బు ఎటు వెళ్లింది? డస్ట్ 514 అనే తుపాకుల ఆటకు వెళ్లింది, 2016లో దాన్ని మూసేశారు. వరల్డ్ ఆఫ్ డార్క్‌నెస్‌కు వెళ్లింది, ఏళ్ల తరబడి తయారుచేసి 2014లో విడుదల కాకముందే రద్దు చేశారు. ఈ విశ్వంలో మనం తవ్విపోసిన సంపాదన మరో ఆట పునాదుల్లోకి పోయింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

బావమరిది: మీ కోపం అర్థమైంది. కానీ మీ లెక్కలో బయటి ప్రపంచమే లేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు 2010 అక్టోబరులో 1.2 కోట్ల మంది చందాదారులు. 2015కల్లా 55 లక్షలు. ఆ తర్వాత దాన్ని నడిపే బ్లిజార్డ్ సంస్థ ఆ అంకె చెప్పడమే మానేసింది. వాళ్లూ ఒంటి అద్దాలు అమ్మారా? వాళ్లూ జాబితాలు తీసేశారా? ఈ తరహా ఆటలన్నిటికీ ఆటుపోటు ఒకేసారి వచ్చింది. 2008లో పాతికేళ్ల వయసున్నవాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి. పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు, ఉద్యోగాలున్నాయి. కొత్త తరానికి ఫోన్‌లో అరగంటలో తేలిపోయే ఆటలున్నాయి. సంస్థ దేవుడై ఉన్నా ఈ తగ్గుదలను ఆపలేకపోయేది.

బావ: ఆటుపోటు అందరికీ ఒకటే అయితే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ సంగతేమిటి? రూన్‌స్కేప్‌లో 2012 నవంబరులో యుద్ధ పద్ధతినే మార్చేశారు. పాతవాళ్లు తిరగబడి వెళ్లిపోయారు. 2013 ఫిబ్రవరిలో సంస్థ ఓటు పెట్టింది: 2007 నాటి ఆట తిరిగి కావాలా? నాలుగు లక్షల నలభై వేలకు పైగా ఓట్లు వచ్చాయి. పాత ఆటను తెరిచి, ఇకపై పెద్ద మార్పు ఏది తేవాలన్నా ఆటగాళ్ల ఓటు అడుగుతామని మాట ఇచ్చారు. నూటికి డెబ్బై అయిదు మంది ఒప్పుకుంటేనే మార్పు, తర్వాత దాన్ని డెబ్బైకి తగ్గించారు. ఆ ఆట 2025లో ఒకేసారి 2 లక్షల మందికి పైగా ఆడిన రికార్డు సాధించింది. అది చూడడానికి ఈవ్ కన్నా పాతకాలపు ఆట. వాళ్ల ఆటగాళ్లకూ నలభై ఏళ్లు వస్తున్నాయి, వాళ్లకూ పిల్లలున్నారు. ఒకచోట ఓటు అడిగారు, మరోచోట అడగలేదు. నాకు కనిపించే ముఖ్యమైన తేడా అదే.

బావమరిది: అదొక్కటే తేడా ఎలా అవుతుంది? రూన్‌స్కేప్‌లో బస్సులో కూర్చుని ఫోన్‌లో చెట్లు కొట్టుకోవచ్చు. ఎవడితోనూ పనిలేదు. ఈవ్‌లో ఒక దళంతో వెళ్లాలంటే రాత్రంతా పోతుంది. యూరప్‌వాళ్ల సాయంత్రం మనకు రాత్రి పదకొండున్నరకు మొదలవుతుంది. తెల్లవారుజామున రెండింటికి శత్రువు కోట మీద కాల్పులు ముగించి ఉదయం ఎనిమిదింటికి ఆఫీసు బస్సు ఎక్కిన రోజులు నాకు తెలుసు, మీకూ తెలుసు. రోజువారీ సర్వర్ నిలుపుదల కూడా మనకు సాయంత్రం నాలుగున్నరకే పడుతుంది. ఈ ఆట మన గడియారం కోసం పుట్టలేదు.

బావ: అది నిజమే.

బావమరిది: ఇంకో నిజం చెప్పనా? మీరు సంస్థ తప్పులన్నీ ఏకరువు పెట్టారు, మీ తప్పు ఒక్కటీ చెప్పలేదు. మీ అంటే మీ తరం, మీ పెద్ద కూటములు. ఖనిజం కొరత గురించి ఇంత బాధపడ్డారే, 2016 చివర్లో రోర్‌క్వల్ అనే తవ్వకం ఓడకు భారీ డ్రోన్లు ఇచ్చినప్పుడు మీరు చేసిందేమిటి? ఒక్కొక్కరు అయిదేసి రోర్‌క్వల్‌లు దించి రాత్రింబవళ్లు చంద్రుళ్లనూ గ్రహశకలాలనూ ఊడ్చేశారు. ఒకప్పుడు కూటమి మొత్తం కూడబెడితే గానీ రాని టైటాన్లు వందల కొద్దీ తేలాయి. కొరత ఊరికే రాలేదు, మీ పోగుల్ని చూసి వచ్చింది. పోనీ పోగేసి యుద్ధం చేశారా? ఒకరి సరిహద్దు ఒకరు తాకబోమని ఒప్పందాలు రాసుకున్నారు. నేను చేరినప్పుడు నల్‌సెక్ మ్యాపులో నాలాంటి పాతికమంది చిన్న బృందానికి నిలబడే చోటే లేదు. ఏదో ఒక పెద్ద కూటమికి కప్పం కట్టాలి, లేదా దాని కింద చేరి పిలిచినప్పుడల్లా హాజరు కావాలి.

బావ: ఒప్పందాలు రాజకీయం. ఆటలో రాజకీయం ఉండడమే ఈవ్ గొప్పతనం.

బావమరిది: గుత్తాధిపత్యం అనండి. ఇక భద్రత ఉందని చెప్పే హైసెక్‌లోనైనా కొత్తవాళ్లను బతకనిచ్చారా? మొదటి తవ్వకం ఓడ కొనుక్కుని ఖనిజం నింపుకుంటున్నవాడి మీదకు పదిమంది చౌక ఓడల్లో వచ్చి, పోలీసులు వచ్చేలోగా పేల్చేసి నవ్వుకున్నారు. అదొక క్రీడ మీకు. వాడు మళ్లీ లాగిన్ అయ్యాడా లేదా అని ఎవరైనా చూశారా?

బావ: చూశారు. సంస్థే చూసింది. 2015లో ఫ్యాన్‌ఫెస్ట్ అనే అభిమానుల వేడుకలో ఆ లెక్కలు బయటపెట్టారు. కొత్తగా చేరిన 80 వేల మందిని మొదటి పదిహేను రోజులూ గమనిస్తే, అలా హైసెక్‌లో పేల్చివేతకు గురైనవాళ్లు నూటికి ఒక్కరే. పైగా ఓడ పోగొట్టుకున్నవాళ్లే ఆటలో ఎక్కువ కాలం నిలిచారు. ఏమీ జరగనివాళ్లే ఎక్కువగా వెళ్లిపోయారు. మొదటిసారి నా ఓడ పేలినప్పుడు చేతులు వణికాయి. ఆ వణుకు మరే ఆటలోనూ లేదు, దాని కోసమే ఉండిపోయాను.

బావమరిది: ఆ లెక్కను తలకిందులుగా చదువుతున్నారు. మొదటి పదిహేను రోజుల్లో ఎవరి ఓడ పోతుంది? రోజూ లాగిన్ అయ్యేవాడిది, దూరం వెళ్లేవాడిది, ఖరీదైన ఓడ కొన్నవాడిది. అంటే అప్పటికే ఆట మీద మనసు పడ్డవాడిది. రెండు గంటలు ఆడి వెళ్లిపోయినవాడికి ఓడ పోయే అవకాశమే రాలేదు. పేల్చడం వల్ల నిలిచారని కాదు, నిలిచేవాళ్లే పేలారు. ఇంతకాలం ఈ అంకెను అడ్డుపెట్టుకుని పాతవాళ్లు తమ సరదాను సమర్థించుకున్నారు.

బావ: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నూటికి ఒక్కరు అన్నంతవరకే నేను గట్టిగా నిలబడగలను. మిగతాది ఇకపై వాదించను. కానీ యుద్ధాలు చేయలేదన్న మాట మాత్రం అబద్ధం. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన పన్ను కట్టలేదు. అంత చిన్న విషయంతో మొదలైంది. దాదాపు ఒక రోజంతా సాగిన పోరులో 75 టైటాన్లు పోయాయి. వాటి విలువ డాలర్లలో మూడు లక్షలకు పైనే అని ప్రపంచ పత్రికలు రాశాయి. అది జనం నిండుగా ఉన్న రోజుల మాట అంటావేమో. 2020 అక్టోబరు సంగతి చెబుతాను. శిఖరం దాటి ఏడేళ్లు గడిచాక ఎఫ్‌డబ్ల్యూఎస్‌టీ-8 మండలంలో 8,825 మంది పాల్గొన్న పోరు గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. ఆ డిసెంబరు చివర్లో ఎమ్2-ఎక్స్‌ఎఫ్‌ఈలో 250కి పైగా టైటాన్లు కాలిపోయాయి. అంటే జనం తగ్గిన విశ్వంలోనే అతి పెద్ద యుద్ధాలు జరిగాయి! నువ్వన్న పోగులన్నీ అక్కడే కాలాయి. లాగిన్ల అంకె చూసి ఆట చచ్చిపోతోందనేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరు?

బావమరిది: ఎమ్2-ఎక్స్‌ఎఫ్‌ఈ పోరు రెండో విడతలో సర్వర్ చేతులెత్తేసింది కూడా చెప్పండి. జనవరి మొదట్లో ఆ మండలంలోకి దూకినవాళ్లకు తెర నల్లగానే ఉండిపోయింది. గంటల తరబడి ఎదురుచూసి, తమ ఓడ పేలిందని బయటి నుంచి కబురు విన్నారు. పోరు పెద్దదైతే కాలాన్ని పదోవంతు వేగానికి తగ్గిస్తారు. ఒక తుపాకీ పేలడానికి నిమిషాలు పడుతుంది. అదీ మీ ఘనమైన యుద్ధం. ఇక అసలు విషయానికి రండి. కారణం సంస్థది కావచ్చు, మీది కావచ్చు, కాలానిది కావచ్చు. ఇకపై ఏమిటి? ఈవ్‌లో ఆటగాడే సరుకు. తవ్వేవాడు, మోసేవాడు, కట్టేవాడు, కాల్చేవాడు అందరూ ఉంటేనే తుపాకీ గుండు ధర నిలుస్తుంది. జనం లేని సంతలో అమ్మేవాడు ముందు వెళ్లిపోతాడు, కొనేవాడు తర్వాత వెళ్లిపోతాడు. ఒక గీత దాటాక తగ్గుదలే తగ్గుదలను తెస్తుంది.

బావ: ఆ భయం నాకూ ఉంది. అందుకే ఒక పద్ధతి ఇప్పుడే కోరాలంటాను, జనం ఇంకా ఉండగానే. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2004లో మొదలైంది. 2012 నవంబరు 30న ఎన్‌సీసాఫ్ట్ దాన్ని మూసేసింది. ఆటగాళ్లు ఊరేగింపులు చేశారు, సంతకాలు సేకరించారు, ఫలితం లేదు. కానీ కొందరు సర్వర్ ప్రోగ్రామును సంపాదించి ఏళ్ల తరబడి రహస్యంగా నడిపారు. 2019లో ఆ గుట్టు బయటపడింది. హోమ్‌కమింగ్ అనే బృందం దాన్ని అందరికీ తెరిచింది. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ స్వయంగా వాళ్లకు అనుమతి పత్రం ఇచ్చింది. స్వచ్ఛంద సేవకులు, విరాళాలు, అంతే. ఈ రోజుకీ ఆడుతున్నారు. లాభం కోసం నడిచేవాడికి సరిపోని జనం, ఇష్టంతో నడిపేవాడికి సరిపోతారు. యూబీసాఫ్ట్ ది క్రూ ఆటను 2024 మార్చి 31న ఆపేసినప్పుడు డబ్బు పోసి కొన్న డిస్కులు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. దాని మీద యూరప్‌లో లేచిన ఉద్యమానికి 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటాయి. మూసేటప్పుడు ఆటను ఆడదగ్గ స్థితిలో వదిలిపెట్టండి, అదీ వాళ్ల కోరిక. ఇందులో తప్పేముంది?

బావమరిది: తప్పు లేదు, ఈవ్‌కు పనికిరాదు. సిటీ ఆఫ్ హీరోస్‌లో ఎనిమిది మంది జట్టు కడితే ఆట నడుస్తుంది. ఈవ్‌లో దాదాపు 7,800 నక్షత్ర మండలాలున్నాయి. వాటిని నింపడానికి 30 వేల మందే చాలడం లేదంటున్నాం. రెండు వేల మందికి ఆ సర్వర్ ప్రోగ్రాము ఇచ్చి ఏం చేయమంటారు?

బావ: కుదించమంటాను. మ్యాపులో సగం మూసేయమంటాను. ఇప్పుడైనా ఆ పని చేయాల్సిందే. 65 వేల కాలానికి కట్టిన విశ్వంలో 30 వేల మందిని విసిరేస్తే ఒకరికొకరు కనబడరు, దాంతో ఇంకా తగ్గుతారు. నువ్వు చెప్పిన గీత అంకెలో లేదు. జనానికీ చోటుకూ ఉన్న నిష్పత్తిలో ఉంది. తగ్గిన జనానికి తగ్గట్టు లోకాన్ని చిన్నది చేయడం ఏ సంస్థా ఒప్పుకోదు, ఓటమిని ఒప్పుకున్నట్టు అవుతుందని. ప్రతి ఏడాదీ కొత్త హంగులు చేర్చి జనాన్ని ఇంకా పలచన చేస్తారు.

బావమరిది: మ్యాపు కుదిస్తే ముందు గొడవపెట్టేది మీ కూటమే. ఏళ్ల తరబడి కట్టుకున్న కోటలు పోతాయి.

బావ: పెడుతుంది. మా కూటమికి ఎదురుగా నిలబడి ఆ మాట చెబుతాను. నాకు కోటలకన్నా మనుషులు ముఖ్యం. 2012లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం తన సేకరణలోకి తీసుకున్న మొదటి 14 వీడియో గేముల్లో ఈవ్ ఒకటి. టెట్రిస్‌ను ఒక మూల పెట్టి చూడడానికి వచ్చినవాళ్లతో ఆడించవచ్చు. ఈవ్‌ను అలా పెట్టలేక, ఆ విశ్వంలో ఒక రోజు ఎలా గడుస్తుందో వీడియో తీసి చూపించారు. వీడియోలో దాగేది కాదిది. 2014లో రేక్యావిక్ ఓడరేవు దగ్గర స్మారకం కట్టి దాని మీద ఆటగాళ్ల పేర్లు చెక్కారు. పేర్లు రాతి మీద ఉంటే సరిపోదు. ఆ పేర్లున్నవాళ్లు కట్టిన లోకం ఆటగాళ్ల చేతికి వస్తుందని రాతపూర్వకంగా కావాలి. సంస్థను 2018లో కొరియాకు చెందిన పెర్ల్ అబిస్‌కు అమ్మారు. అప్పుడు మనల్ని ఎవరైనా అడిగారా? మనం తవ్విన ఖనిజం, మనం కట్టిన ఓడలు, మనం నిలిపిన ధరలు, వీటన్నిటితో కలిపే కదా ఆ బేరం కుదిరింది.

బావమరిది: ఏ సంస్థ సంతకం పెడుతుంది? సర్వర్ ప్రోగ్రాము వాళ్ల ప్రాణం. రేపు ఆట మూసినా అందులో ముక్కలు మరో ఆటకు వాడుకుంటారు. పైగా మోసగాళ్లకు, దొంగ ప్రోగ్రాములు రాసేవాళ్లకు తాళాలు ఇచ్చినట్టు అవుతుంది. మీకు మీ కోరిక న్యాయంగా కనబడుతుంది. వాళ్ల కుర్చీలో కూర్చుంటే మీరూ పెట్టరు.

బావ: ఊరికే పెట్టరు. 2011లో క్షమాపణ కూడా ఊరికే రాలేదు, చందాలు ఆగితే వచ్చింది. ఈవ్‌లో ఆటగాళ్లు ఎన్నుకునే సలహా మండలి 2008 నుంచి ఉంది. దానికి ఇప్పటిదాకా ఓడ బలం పెంచు, ఓడ బలం తగ్గించు అన్న గొడవలతోనే సరిపోయింది. వచ్చే ఎన్నికల్లో నిలబడే ప్రతివాడినీ ఒక్కటే అడుగుతాను: మూసివేత హామీ గురించి సంస్థను అడుగుతావా, లేదా? అడగనన్నవాడికి నా ఖాతాల్లో ఒక్కదాని ఓటూ వేయను. 30 వేల మంది ఉన్నప్పుడు ఈ మాటకు బలం ఉంది. అయిదు వేలకు పడ్డాక అడిగితే వినేవాడు ఉండడు.

బావమరిది: సలహా మండలి సలహా మాత్రమే ఇస్తుంది బావగారూ. అందులో ఎక్కువ కుర్చీలు పెద్ద కూటములవే. వాళ్ల ఓటర్ల జాబితా ముందే తయారై ఉంటుంది. మీరు కోరే హామీ వాళ్లకు అక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది రేపటి ఖనిజం ధర.

బావ: అయితే నీలాంటి పాతికమంది బృందాలన్నీ కలిసి ఒక మనిషిని నిలబెట్టండి. చోటు లేదని ఇందాక నువ్వే అన్నావు. ఓటుకు చోటు అక్కర్లేదు కదా. నువ్వు చందా ఆపేస్తే ఆ ఓటు కూడా పోతుంది.

బావమరిది: ఎన్నికల దాకా మాత్రం కడతాను. మ్యాపు కుదించాలన్న మాట కూడా ఆ అభ్యర్థి నోట రావాలి. మీ కూటమి ప్రాంతం నుంచే మొదలుపెట్టాలి. ఒప్పుకుంటారా?

బావ: రాసి ఇవ్వమన్నా ఇస్తాను.